సూది మీద సూది వేసినా తగ్గని పొదుగు వాపు, తోడుకోని పాలు

కొండపి పాడి
నాకు నాలుగు హెచ్‌ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్ అనే విదేశీ పాల జాతి) క్రాస్ ఆవులు, ఒక బర్రె. అందులో చుక్కావు ఈని మూడు నెలలైంది. ఈ మూడు నెలల్లో మూడుసార్లు పొదుగు వాపు, మూడుసార్లూ అదే చన్ను, కుడివైపు వెనకది. మొదటిసారి రెండు రోజులు సూది వేస్తే తగ్గింది. రెండోసారి ఐదు రోజులు పట్టింది. ఈసారి ఖరీదైన సూది, దానికి తోడు చన్నులోకి ఎక్కించే ట్యూబులు, వారమైంది. వాపు దిగింది గానీ పొద్దున మొదటి ధారలో ఇంకా తెల్లటి పలుకులు పడుతున్నాయి.

మిగతా మూడు చన్నుల పాలు బాగానే ఉన్నాయి కదా అని ఇళ్ళకి పోసేశాను. మర్నాడు ఒకామె గిన్నె పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. రాత్రి తోడు పెడితే తెల్లారేదాకా పాలు పాలలాగే ఉన్నాయట, నీళ్ళు కలిపావా అని నలుగురిలో అడిగింది. కలపలేదని ఒట్టేశాను. తర్వాత మా ఇంట్లోనూ తోడు పెట్టి చూశాం. తోడుకోలేదు. అప్పుడు వెలిగింది నాకు.

డాక్టర్ని అడగమనకండి, అడిగాను, ఇంకో పెద్ద సూది రాశారు. ఈ సూదుల గోల లేకుండా రోగం రాకుండానే చూసుకునే దారి ఎవరికైనా తెలిస్తే చెప్పండి.

టీచరమ్మ_టంగుటూరు
ఆ గిన్నె పట్టుకొచ్చింది నేను కాదు, ముందే చెబుతున్నా.

కానీ మాకూ రెండు మూడుసార్లు ఇలాగే అయింది. చలికేమో అనుకుని గిన్నెకి దుప్పటి చుట్టి మరీ పెట్టాను. నా సందేహం ఒకటే, బాగా కాచితే ఆ మందు పోదా?

ఒక్క మాట
దుప్పటి కప్పినా నిద్ర లేవని తోడు 😀

డాక్టరమ్మ_కావలి
టీచరమ్మ గారూ, పోదు. కాచితే క్రిములు చస్తాయి, మందు చాలావరకు అలాగే ఉంటుంది. పెన్సిలిన్ జాతి మందులు మనం ఇంట్లో కాచే వేడికి పెద్దగా తగ్గవు. తోడు అంటే ఏంటి? అదీ బ్యాక్టీరియానే, మంచిది. రోగపు క్రిమి కోసం వేసిన మందు తోడుని కూడా చంపేస్తుంది. అందుకే పాలు పాలలాగే ఉండిపోయాయి.

కొండపి పాడి గారూ, మూడు చన్నుల పాలు బాగున్నాయనుకోవడం పొరపాటు. మెడకి వేసిన సూది మందు రక్తంలో తిరిగి నాలుగు చన్నుల్లోకీ వస్తుంది. ట్యూబు ఒక్కదాంట్లో ఎక్కించినా సరే, గడువు తీరేదాకా నాలుగింటి పాలూ పోయకూడదు. ఎన్ని రోజులు అనేది మందుని బట్టి మారుతుంది. సీసా అట్ట మీద ఉంటుంది, సన్నక్షరాల్లో ఉంటుంది, అయినా ఉంటుంది.

డిగ్రీ మానేసి పాడి
పోయొద్దు అనడం తేలికేనండి డాక్టరమ్మ గారూ. నాకు ఇరవై ఆవులు, బ్యాంకు లోను. ఒక ఆవు పన్నెండు లీటర్లు ఇస్తుందనుకోండి. ఐదు రోజులు మందు, ఆ తర్వాత ఇంకో మూడు నాలుగు రోజుల గడువు. వంద లీటర్లు మోరీలో పోయాలి. కిస్తీ ఎవరు కడతారు? పాల కేంద్రంలో చూసేది ఫ్యాట్ ఒక్కటే. ఫ్యాట్ ఉందా, చీటీ వచ్చిందా, అంతే.

రొయ్యలోడు
డిగ్రీ తమ్ముడూ, మేమూ ఒకప్పుడు ఇదే పాట పాడాం. చెరువులో రొయ్య నీరసంగా కనబడితే చాలు, షాపువాడు ఏ డబ్బా ఇస్తే అది మేతలో కలిపేవాళ్ళం. యూరప్ వాళ్ళు కంటైనర్ తెరిచి పరీక్ష చేసి, నిషేధించిన మందు ఆనవాలు దొరికితే సరుకు మొత్తం వెనక్కి కొట్టారు. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ అనే పేర్లు మా ఊళ్ళో పిల్లోడిని అడిగినా చెబుతాడు. ఇప్పుడు యూరప్ సరుకైతే చెరువులో రొయ్య పట్టకముందే ఎంపెడా (సముద్ర ఉత్పత్తుల ఎగుమతులు చూసే కేంద్ర సంస్థ) ఎలిసా ల్యాబ్‌లో మందు ఆనవాళ్ళ కోసం రొయ్య పరీక్ష చేయించుకోవాలి, ఆ కాగితం లేకపోతే కొనేవాడు చెరువు గట్టు కూడా ఎక్కడు. దెబ్బ తిన్నాకే ప్రోబయాటిక్స్ (మేలు చేసే బ్యాక్టీరియా), నీళ్ళ మార్పిడి, చెరువు ఎండగట్టడం నేర్చుకున్నాం. మీకింకా కంటైనర్ వెనక్కి రాలేదు, అంతే తేడా.

కొండపి పాడి
నాకు వచ్చిందిగా అన్నా, గిన్నె.

గిత్తరాయుడు
అసలు గొడవంతా హెచ్‌ఎఫ్‌ది. మన ఒంగోలు జాతి ఉండగా ఆ చలిదేశపు ఆవుని తెచ్చి మే నెల ఎండలో కట్టేస్తే రోగాలు రాక ఏం వస్తాయి? మన ఆవు తోలు వణికిస్తే పిడుదు నిలవదు. బ్రెజిల్ వాళ్ళు మన గొడ్డుని తీసుకుపోయి నెలోర్ అని మన నెల్లూరు పేరే పెట్టుకుని దేశమంతా నింపుకున్నారు. మనమేమో చదలవాడ, చింతలదేవి పశు క్షేత్రాల్లో వాటిని చూసి ఫొటోలు దిగి వస్తున్నాం.

ఒక్క మాట
నిజమే అన్నా, కానీ టీచరమ్మకి రేపు పొద్దున్నే లీటరు పాలు కావాలి. గిత్త ఇవ్వదు కదా.

గిత్తరాయుడు
గిత్తకి పెళ్ళాం ఉంటుంది నాయనా.

డాక్టరమ్మ_కావలి
గిత్తరాయుడు గారి మాటలో సగం ఒప్పుకుంటాను. పిడుదుల్ని, ఎండని ఓర్చుకోవడంలో మన జాతికి సాటి లేదు. పిడుదులు తగ్గితే వాటి వల్ల వచ్చే రక్తపు జ్వరాలు తగ్గుతాయి, ఆ జ్వరాలకి వాడే మందులూ తగ్గుతాయి. కానీ పొదుగు వాపు జాతిని చూసి రాదు. మురికి చేతితో పిండితే ఒంగోలు ఆవుకీ వస్తుంది.

ఆత్మకూరు గోపాలమిత్ర
ఇక్కడ నేనొకటి ఒప్పుకోవాలి. గోపాలమిత్రగా గొడ్లకి సూదులు వేస్తూ పదిహేనేళ్ళుగా ఊళ్ళు తిరుగుతున్నాను. మూడు రోజుల జ్వరం అని మనం అంటామే, గొడ్డు కుంటుతూ, మేత ముట్టకుండా పడుకుంటుంది, అది వైరస్. యాంటీబయాటిక్‌కి దానితో పనే లేదు. నీడన కట్టి, నీళ్ళు తాపి, జ్వరం నొప్పులకి మందిస్తే చాలామటుకు దానంతట అదే లేస్తుంది. పేరులోనే మూడు రోజులని ఉంది కదా. నేనేం చేసేవాణ్ణి? రెండో రోజు పోయి ఆక్సీటెట్రాసైక్లిన్ అనే యాంటీబయాటిక్ వేసేవాణ్ణి. మూడో రోజు గొడ్డు లేచేది. నా చేయి మంచిదని పక్కూళ్ళ వాళ్ళూ పిలిచేవాళ్ళు. చాలా ఏళ్ళు ఆ పేరు మీద బతికాను.

సూది వేయకపోతే రైతు ఒప్పుకోడు. "ఇంత దూరం వచ్చి ఉత్త చేతులతో పోతావా" అంటాడు. ఇప్పుడు విటమిన్ సూది వేస్తున్నాను. తిట్టుకోండి.

డిగ్రీ మానేసి పాడి
తిట్టను అన్నా. పోయిన వేసవిలో మా ఆవులకి మీలాంటి ఆయనే వరసగా అందరికీ వేసిపోయాడు, జ్వరం లేనివాటికి కూడా, "ముందు జాగ్రత్త" అని.

డాక్టరమ్మ_కావలి
ఆ ముందు జాగ్రత్తే వెనకాల గొయ్యి. రోగం లేని గొడ్డుకి మందు వేస్తే కడుపులో, పొదుగులో ఉన్న బలహీనమైన క్రిములు పోతాయి, మందుకి లొంగని నాలుగు మిగులుతాయి. ఆ నాలుగే పెరుగుతాయి. పైగా క్రిములు లొంగని గుణాన్ని ఒకదానికొకటి పంచుకుంటాయి, వేరే జాతి క్రిమికి కూడా. అది పేడలో పడుతుంది, పచ్చి పేడ పొలంలోకి పోతుంది. యూరప్‌లో మేతలో పెరుగుదల కోసం యాంటీబయాటిక్ కలపడం 2006 నుంచే పూర్తిగా ఆపేశారు. 2022 నుంచి మందకంతటికీ అలవాటుగా వేయడం కూడా కుదరదు. మన దగ్గర 2019లో కొలిస్టిన్‌ని పశువులకి, కోళ్ళకి వాడకుండా నిషేధించారు. మనుషులకి ఇంకేదీ పనిచేయనప్పుడు ఆఖరున వాడే మందు అది. దాన్ని కోళ్ళ మేతలో కలిపేవాళ్ళు.

టీచరమ్మ_టంగుటూరు
పోయినేడు నాకు మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వస్తే కల్చర్ చేయించారు. కాగితంలో మందుల పేర్లు వరసగా, సగానికి పైగా వాటి పక్కన ఆర్, ఆర్, ఆర్ అని. ఆర్ అంటే పనిచేయదట. చూడగానే టెన్షన్ వచ్చేసింది. అందులో సెఫ్ట్రియాక్సోన్ కూడా ఉంది. మా పాలతని సావిట్లో కిటికీ మీద అదే పేరున్న సీసా చూశాను.

ఒక్క మాట
మరి ఇంకేం, పాలతని మీద కేసు పెట్టండి.

డాక్టరమ్మ_కావలి
అలా అనలేం. మీ రోగం ఆ ఆవు నుంచే వచ్చిందని ఎవరూ తేల్చి చెప్పలేరు. మనుషులం మనం మింగే మాత్రలే తక్కువా? అయితే మందు మటుకు ఒకటే, మనిషికీ గొడ్డుకీ. అది నిజం.

పెన్నా ఒడ్డు
కొండపి అన్న అడిగింది రాకుండా ఎట్టా చూసుకోవాలి అని. అందరూ దేశాలు తిరిగొచ్చారు, సావిట్లోకి ఎవరూ పోలేదు.

మాది కోవూరు పక్కన. ఆరు బర్రెలు, రెండు ఆవులు, పితికేది నేనే. ఒకప్పుడు మా ఇంట్లోనూ మందుల బిల్లు దాణా బిల్లుతో పోటీ పడేది. ఇప్పుడు పొదుగు వాపు ఏడాదికి ఒకటో రెండో. నేను చేసేది చెబుతా.

పితికే ముందు మొదటి మూడు ధారలు నేల మీద కాదు, నల్ల గుడ్డ కట్టిన చిప్పలోకి పిండుతా. పలుకులు ఉంటే నలుపు మీద వెంటనే కనబడతాయి. నేల మీద పిండితే అక్కడే పడుకునే గొడ్డుకి మనమే అంటించినట్టు. పొదుగు బకెట్టు నీళ్ళతో అంతా తడపను, చన్నులు మటుకే కడిగి తుడుస్తా. దూడని చేపుకి వదిలాక మళ్ళీ కడగాలి, దూడ ఎంగిలి ఉంటుంది కదా. చేతికి నెయ్యి, నీళ్ళు, నురగ ఏమీ రాయను, పొడి చేత్తో గుప్పిట పట్టి పిండుతా. మా మామయ్య బొటనవేలు మడిచి పిండేవాడు, ఆయన పితికిన బర్రెల చన్నులన్నీ లోపల కాయ కట్టాయి. ఆయనకి చెప్పలేక పితకడమే నేను తీసుకున్నా.

పితికాక ప్రతి చన్నునీ చిన్న గ్లాసులో అయోడిన్ మందులో ముంచుతా. కొంచెం గ్లిజరిన్ కలిసి ఉన్నది తీసుకుంటే చన్ను పగలదు. వెంటనే గాట్లో పచ్చిగడ్డి వేస్తా. ఎందుకంటే పితికిన తర్వాత అరగంట దాకా చన్ను రంధ్రం మూసుకోదు. తినేదానికి ఏమీ లేకపోతే గొడ్డు అప్పుడే పేడలో పడుకుంటుంది. తింటా ఉంటే నిలబడే ఉంటుంది. గడ్డి ముందే వేసేస్తే పితికేలోపు తినేసి పడుకుంటుంది. మాకు మొదట్లో అదే తప్పు జరిగేది.

పడుకునే చోట పెన్నా ఇసుక పోశాం. తడి పీల్చుకుంటుంది, గడ్డిలోలాగా పురుగు పెరగదు. పేడ పడ్డప్పుడల్లా తీసి, నెలకోసారి ఇసుక తిరగేస్తే చాలు.

కొండపి పాడి
అక్కా, ఇదంతా చేస్తే పితకడానికి ఎంతసేపు?

పెన్నా ఒడ్డు
ఒక్కో గొడ్డుకి మూడు నాలుగు నిమిషాలు ఎక్కువ. నువ్వు మందుల షాపు దగ్గర నిలబడే టైము కంటే తక్కువే తమ్ముడూ.

ఇంకోటి మర్చిపోయా. వరస. బాగున్న గొడ్లు ముందు, రోగం ఉన్నది ఆఖరున. రోగం దాన్ని పితికిన చేత్తో ఇంకోదాన్ని ముట్టను.

డాక్టరమ్మ_కావలి
పెన్నా ఒడ్డు గారు చెప్పింది మా కాలేజీ పాఠం కంటే బాగుంది. ఒకటి కలుపుతాను. కంటికి వాపు కనబడని పొదుగు వాపు ఉంటుంది, అదే అసలు దొంగ. లీటరు నీళ్ళలో 30 గ్రాముల బట్టల డిటర్జెంట్ పొడి కలపండి. చన్ను చన్నుకీ విడిగా కాసిని పాలు నాలుగు చిప్పల్లో పిండి, అంతే కొలత ఈ సబ్బు నీళ్ళు పోసి గుండ్రంగా తిప్పండి. పల్చగా ఉంటే మంచిది. చీమిడిలా, జిగురుగా చిక్కబడితే ఆ చన్నులో రోగం ఉన్నట్టే. నెలకోసారి చేస్తే సూది దాకా పోకముందే పట్టుకోవచ్చు.

చుక్కావు విషయం. అదే చన్నుకి మూడుసార్లు వచ్చిందంటే క్రిమి లోపల గూడు కట్టుకుని ఉండొచ్చు. ఇంకో సూదికి ముందు పాలు ల్యాబ్‌కి పంపండి. ఇప్పుడే తీయకండి, మందు ప్రభావంలో తీస్తే ఏమీ పెరగక "క్రిమి లేదు" అని రావచ్చు. కొన్ని రోజులు ఆగి, చన్ను కొనని స్పిరిట్‌తో తుడిచి, మొదటి ధారలు వదిలేసి, శుభ్రమైన సీసాలోకి పట్టి, ఐసులో పెట్టి జిల్లా పశువ్యాధి నిర్ధారణ ల్యాబ్‌లో ఇవ్వండి. ఏ మందుకి లొంగుతుందో, ఏదానికి లొంగదో రాసిస్తారు.

గిత్తరాయుడు
ఇంత హంగామా ఎందుకు, కలబంద లేదా?

పెన్నా ఒడ్డు
ఉంది, వాడతా. పావుకిలో కలబంద, 50 గ్రాముల పసుపు, 15 గ్రాముల సున్నం. మెత్తగా నూరితే ఎర్రగా వస్తుంది. పొదుగు కడిగి, ముద్దలో కొంత నీళ్ళలో కలిపి పొదుగంతా పూయాలి, రోజుకి పదిసార్లు, ఐదు రోజులు. రోజూ రెండు నిమ్మకాయలు కోసి తినిపించాలి, మూడు రోజులు. ఎన్‌డీడీబీ (జాతీయ పాడి అభివృద్ధి బోర్డు) వాళ్ళు దేశమంతా చెబుతున్నది ఇదే. లక్షణం కనబడిన మొదటి పూటే మొదలుపెడితే నాకు బాగా పనిచేసింది. పది పూతలన్నాక పది పూయాలి. రెండు పూసి పనిచేయలేదంటారు చాలామంది.

డిగ్రీ మానేసి పాడి
ఇరవై ఆవులున్నవాడు రోజుకి పదిసార్లు పూస్తే ఇంక పెళ్ళెప్పుడు చేసుకోవాలి అక్కా.

ఒక్క మాట
పసుపు చేతులతోనే ఉంటావు కదా, అక్కడే కానిచ్చెయ్.

డాక్టరమ్మ_కావలి
కలబందకి నేను అడ్డు కాదు. కానీ గొడ్డుకి జ్వరం ఉండి, మేత మానేసి, పాలు నీళ్ళలాగో నెత్తురుగానో వస్తుంటే పూతలతో కాలం గడపకండి. అలాంటప్పుడు యాంటీబయాటిక్ వేయాల్సిందే. 1962కి ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది. మందు తగ్గించమంటున్నాను గానీ గొడ్డుని చంపుకోమనడం లేదు. వేస్తే చెప్పినన్ని రోజులూ వేయాలి. ఒక్క సూదికి వాపు దిగిందని ఆపేస్తే తిరిగొస్తుంది. చుక్కావుకి మొదటిసారి అదే జరిగి ఉంటుందని నా అనుమానం.

కొండపి పాడి
నిజమే. రెండు సూదులకే ఆపేశా.

డిగ్రీ మానేసి పాడి
ఒక సందేహం. మందు వేసిన పాలు పారబోయలేక దూడలకి తాపుతున్నాను. అది పర్వాలేదుగా?

డాక్టరమ్మ_కావలి
వద్దు! కొద్ది కొద్దిగా మందు రోజూ దూడ కడుపులోకి పోతే అక్కడ మందుకి లొంగని క్రిములు తయారవుతాయి. రేపు ఆ దూడకి పారుడు వస్తే ఏ మందూ పట్టదు. ఆ పాలు ఇంకుడు గుంటలో పోయండి.

దూడకి మీరివ్వగలిగిన అసలు మందు ముర్రుపాలు. పుట్టిన గంటలోపే మొదలుపెట్టి, మొదటి రోజులో దాని బరువులో పదో వంతు తాపాలి. 30 కిలోల దూడకి మూడు లీటర్లు. ఒక్క రోజు దాటితే ఆ రక్షణ శక్తిని పేగు లోపలికి రానివ్వదు. మన వాళ్ళు జున్ను పేరు చెప్పి తొలిపాలే అమ్మేసుకుంటారు.

టీచరమ్మ_టంగుటూరు
జున్ను మాట ఎత్తకండి, నేను దోషిని.

ఆత్మకూరు గోపాలమిత్ర
బొడ్డుకి టింక్చర్ అయోడిన్ కూడా. అది పూయక బొడ్డు చీము పట్టి నన్ను పిలిచినవాళ్ళు లెక్కలేదు. తర్వాత టీకాలు. గాలికుంటు ఆరు నెలలకోసారి, వానలకి ముందు గొంతువాపు, జబ్బవాపు, పెయ్యదూడలకి నాలుగు నుంచి ఎనిమిది నెలల మధ్య బ్రూసెల్లా (చూలు పోయే రోగం) టీకా ఒక్కసారి. ఉచితంగా వేస్తామన్నా పాలు తగ్గుతాయని గొడ్డుని దాచేస్తారు. గాలికుంటు వచ్చి నోరు, గిట్టలు పుండ్లు పడ్డాక మళ్ళీ మేమే సూదులు పట్టుకుని పోవాలి. రెండు రోజులు అర లీటరు తగ్గుద్దని రెండు నెలల పాలు పోగొట్టుకుంటారు.

రొయ్యలోడు
మీ పేడ సంగతి? మందు పేడలోకి పోతుందన్నారు కదా పైన.

డాక్టరమ్మ_కావలి
పోతుంది. టెట్రాసైక్లిన్ లాంటివి చాలా భాగం మూత్రం, పేడలోంచే బయటికొస్తాయి. పచ్చి పేడ నేరుగా చేనుకి తోలకండి. కుప్ప వేసి, తడి చూసుకుంటూ, తిరగేస్తూ బాగా వేడెక్కనిస్తే మందు అవశేషాలు, క్రిములు చాలావరకు తగ్గుతాయి. కుప్పలో చేయి పెడితే నిలవలేనంత వేడి రావాలి.

గిత్తరాయుడు
మా తాత దిబ్బ తిరగేస్తుంటే నవ్వేవాళ్ళం.

కొండపి పాడి
నెల తర్వాత వస్తున్నా. అందరికీ చెప్పాలి.

డాక్టరమ్మ గారు చెప్పినట్టే ఆగి పాలు ల్యాబ్‌కి ఇచ్చాను. స్టెఫైలోకాకస్ అనే క్రిమి ఉందని రాశారు. నేను వేయించిన మూడు మందుల్లో రెండింటికి లొంగదట. ఆ చన్ను లోపల గట్టిపడిపోయింది, తిరిగి రాదన్నారు. దాన్ని ఎండగట్టేశాం. ఇప్పుడు చుక్కావు మూడు చన్నుల మీద ఏడు లీటర్లు ఇస్తోంది. బాధగానే ఉంది.

సబ్బు నీళ్ళ పరీక్ష చేశాను. పైకి ఏమీ లేని బర్రెకి ఒక చన్ను, ఎర్రావుకి రెండు చన్నులు జిగురుగా తిరిగాయి. ఎక్కడి నుంచి అంటుకుందా అని నాలుగు రోజులు ఆలోచించా. ఒకరోజు పితికేటప్పుడు పక్కన కూర్చుని ఊరికే చూశాను. మా పాలేరు భుజం మీద ఒక తువ్వాలు ఉంటుంది. చుక్కావు పొదుగు తుడిచాడు, అదే తువ్వాలుతో ఎర్రావుది తుడిచాడు, తర్వాత బర్రెది. మధ్యలో మొహం కూడా తుడుచుకున్నాడు. ఆ తువ్వాలు కొనిచ్చింది నేనే, పోయిన సంక్రాంతికి.

ఇప్పుడు పాత పంచెలు చింపి ఒక్కో గొడ్డుకి ఒక్కో ముక్క పెట్టాం, రోజూ ఉడకబెట్టి ఎండేస్తాం. వరస మార్చాం. అయోడిన్‌లో ముంచడం, గడ్డి తర్వాత వేయడం అన్నీ అక్క చెప్పినట్టే. ఎర్రావుకి, బర్రెకి జ్వరం, వాపు ఏమీ లేవు కాబట్టి కలబంద పూశాం. బర్రెది మామూలైంది. ఎర్రావుది ఒక చన్ను ఇంకా కొంచెం జిగురుంది. ఈ నెలలో సూది మటుకు పడలేదు.

పెన్నా ఒడ్డు
ఎర్రావుని ఆఖరున పితుకు. వట్టిపోయే ముందు మళ్ళీ పరీక్ష చెయ్, రోగం ఉన్న చన్నుకే ట్యూబు వేయించు, నాలుగింటికీ అవసరం లేదు.

డిగ్రీ మానేసి పాడి
నేనూ తువ్వాలు చూశాను. మా దగ్గర ఇద్దరు పాలేర్లు, రెండు తువ్వాళ్ళు. ఇరవై ఆవులు.

టీచరమ్మ_టంగుటూరు
కొండపి పాడి గారూ, ఆ గిన్నె ఆవిడ మళ్ళీ పోయించుకుంటోందా?

కొండపి పాడి
నిన్నే మొదలుపెట్టింది. లీటరు కాదు, పావు లీటరు. తోడు పెట్టి చూసి చెబుతానంది.

ఒక్క మాట
ఫలితం?

కొండపి పాడి
గడ్డలా తోడుకుందట. కానీ పులిసిందని తిట్టింది. అది మాత్రం నా తప్పు కాదు.